ఒకే ఆవరణ, రెండు చోట్ల మట్టి: తరగతిలో చేయించే నేల ప్రయోగాలు

నేల పాఠానికి ఒక వారం ఒక మట్టితో ఒక ప్రయోగం, మరో వారం ఇంకెక్కడిదో మట్టితో ఇంకో ప్రయోగం చేయిస్తుంటారు. దేనికది బాగానే కుదురుతుంది గానీ, ఒకదాని ఫలితం ఇంకోదానితో మాట్లాడదు. అందుకని మొదటే రెండు చోట్లు ఎంచుకుని చివరిదాకా ఆ మట్టితోనే అన్నీ చేయించండి. ఒకటి చెట్టు కింద, ఆకులు రాలి ఎవరూ తొక్కని చోటు. రెండోది దానికి కొద్ది అడుగుల దూరంలో, అడుగులు పడీపడీ గట్టిపడిన దారి. పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి రెండింటి రేణువులూ దాదాపు ఒకటే, ప్రవర్తన మాత్రం వేరు. ఎందుకు వేరో పిల్లలే పట్టుకోవాలి.

మట్టి తేవడం

పైనున్న చెత్త పక్కకు తీసి 10 సెంటీమీటర్ల లోతు వరకు తవ్వండి. ఒక్కో చోటు నుంచి రెండు కిలోలు చాలు. సగాన్ని కాగితం మీద పలచగా పరిచి నీడలో మూడు నాలుగు రోజులు ఆరనివ్వండి. ఇక్కడే చాలామంది తొందరపడి మట్టంతా నలిపేస్తారు. నలిపిన మట్టి సీసా ప్రయోగానికి కావాలి, కానీ నీళ్లలో ఉండ వేసే ప్రయోగానికి చెక్కుచెదరని ఉండలు కావాలి. ముందుగా సెంటీమీటరు వెడల్పున్న ఉండలు ఒక్కో చోటువి ఓ ఇరవై ఏరి పక్కన పెట్టాకే మిగతాది నలిపి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టించండి. ఆరబెట్టని సగం మూతపెట్టిన డబ్బాలో తేమగానే ఉండనివ్వండి. అది పురుగుల కోసం.

సీసాలో పొరలు

నిటారు గోడలున్న వెడల్పు మూతి సీసాలో పావు వంతు జల్లించిన మట్టి, రేణువుల్ని విడదీసే రసాయనం సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ ఒక టీస్పూన్ వేసి, మూతికి రెండు వేళ్ల కిందివరకు నీళ్లు పోయండి. ఆ రసాయనం దొరక్కపోతే నురగ రాని డిటర్జెంట్ పొడి వాడొచ్చు. ద్రవ సబ్బు మాత్రం వద్దు, నురగ పైకి తేలి గీతలు కనబడనివ్వదు. ఏదీ వేయకపోతే బంకమన్ను రేణువులు ఒకదానికొకటి అంటుకుని గుంపుగా దిగిపోతాయి. అప్పుడు బంకమన్ను ఉన్న మట్టి కూడా ఒండ్రులాగే (ఇసుక కన్నా సన్నగా, బంకమన్ను కన్నా పెద్దగా ఉండే రేణువులు) కనిపిస్తుంది. రాత్రంతా నాననిచ్చి, ఉదయం మొదటి పీరియడ్‌లో ఐదు నిమిషాలు గట్టిగా ఊపించి, బల్ల మీద పెట్టాక ఇక కదపనివ్వకండి.

గీతలు ఎప్పుడు గీయాలన్నదే ఇందులో అసలు కిటుకు. ఇసుక అంటే 2 నుంచి 0.05 మిల్లీమీటర్ల రేణువులు. నీరు 20 డిగ్రీలుంటే 0.05 మిల్లీమీటర్ల రేణువు 10 సెంటీమీటర్ల లోతు దిగడానికి 45 సెకన్లు పడుతుంది, 30 డిగ్రీలుంటే 35 సెకన్లే. నీటి ఎత్తు ఎంత పెరిగితే సమయం అంత పెరుగుతుంది కాబట్టి స్కేలుతో కొలిచి లెక్క వేయించండి. ఆ క్షణానికి అడుగున చేరినదాని పైమట్టం దగ్గర మార్కర్‌తో మొదటి గీత. చివరి సన్న ఇసుక కిందికి జారుతుంటే పైన నీరు గోధుమరంగులోనే ఉంటుంది. పిల్లలు ఆ రంగు చూసి ఇంకా దిగలేదనుకుని ఆగిపోతారు, గడియారాన్నే నమ్మమనండి.

ఒండ్రు 0.05 నుంచి 0.002 మిల్లీమీటర్ల వరకు. రెండో గీత 2 గంటలకు గీయమని చాలాచోట్ల రాస్తారు. కానీ దిగే వేగం వ్యాసం వర్గాన్ని బట్టి మారుతుంది. 2 గంటల్లో 10 సెంటీమీటర్లు దిగగలిగేవి 0.004 మిల్లీమీటర్ల దాకా ఉన్న రేణువులే. 0.002కి దాదాపు 8 గంటలు కావాలి. అందుకే రెండో గీత బడి వదిలే ముందు గీయించండి. సన్న ఒండ్రు కాస్త మిగిలినా తేడా స్వల్పమే. మూడో గీత 48 గంటలకు. అప్పటికీ నీరు మసకగా ఉంటే అదే బంకమన్ను ఉన్నట్టు సాక్ష్యం.

మొత్తం 60 మిల్లీమీటర్లలో ఇసుక 24, ఒండ్రు 24, బంకమన్ను 12 వస్తే 40, 40, 20 శాతం. అది గరప నేల, అంటే లోమ్. బంకమన్ను నీళ్లలో ఉబ్బుతుంది కాబట్టి దాని శాతం కొంచెం ఎక్కువే కనబడుతుందని కూడా చెప్పండి. పైన తేలిన ఆకుముక్కల్ని లెక్కలో కలపకూడదు.

రెండు సీసాల్లోనూ పొరలు దాదాపు సమానంగా రావాలి. బాగా తేడా వస్తే ఒక చోట బయటి నుంచి తెచ్చి పోసిన మట్టి ఉందన్నమాట. చోటు మార్చి మళ్లీ మొదలుపెట్టండి.

సీసా తేరుకునేలోపు చేతి పరీక్ష చేయించండి. గుప్పెడు జల్లించిన మట్టిని చుక్కచుక్కగా తడుపుతూ ముద్ద చేసి, బొటనవేలితో చూపుడువేలి మీదుగా నొక్కుతూ పట్టీలా సాగదీయాలి. ముద్దే కట్టకపోతే ఇసుక. పట్టీ 2.5 సెంటీమీటర్ల లోపే తెగితే గరప, 5 వరకు సాగితే బంక గరప, 5 దాటితే బంకమన్ను. నీరు ఎక్కువైతే పట్టీ జారిపోతుంది. అప్పుడు పొడి మట్టి కలపాలి. ముందు వేళ్లతో ఊహించి రాయించి, తర్వాత సీసాతో సరిచూడమనండి. వరుస తిరగబడితే వేళ్లు నేర్చుకునేది ఏమీ ఉండదు.

నీళ్లలో ఉండ

పక్కన పెట్టిన ఉండల్ని ఇప్పుడు తీయండి. గాజు గ్లాసులో నీళ్లు పోసి, టీ వడపోత జల్లెడను వాటిలో మునిగేలా వేలాడదీసి, చెట్టు కింది ఉండ ఒక గ్లాసులో, దారి ఉండ మరో గ్లాసులో ఒకేసారి వదలండి. పిల్లల ముఖాలు గ్లాసుకు దగ్గరగా ఉండాలి. చూడాల్సిందంతా మొదటి నిమిషంలోనే ఉంది. దారి ఉండ అంచుల నుంచి సన్నని బుడగలు వరుసగా లేస్తాయి, ఆ వెంటే అంచు పొరలు పొరలుగా జారి జల్లెడ కంతల్లోంచి పొగలా కిందికి దిగుతుంది. చెట్టు కింది ఉండ నుంచీ బుడగలు వస్తాయి గానీ, అది చాలావరకు నిలబడుతుంది. ఐదు నిమిషాల తర్వాత రెండు జల్లెడల్నీ ఐదుసార్లు పైకెత్తి ముంచి, ఏది ఎంత మిగిలిందో పోల్చించండి.

నీరు అన్ని వైపుల నుంచీ దూరేసరికి లోపలి గాలి చిక్కుకుని నొక్కుకుపోతుంది, ఆ ఒత్తిడికి ఉండ పగులుతుంది. వేర్లు, శిలీంధ్రపు పోగులు, సూక్ష్మజీవుల జిగురు రేణువుల్ని పట్టి ఉంచితే ఆ ఒత్తిడిని తట్టుకుంటుంది. ఉండ తడిగా ఉంటే లోపల గాలి తక్కువ, కాబట్టి బలహీనమైనదీ నిలబడి తప్పుడు ఫలితం ఇస్తుంది. రెండూ ఒకేలా ఆరి ఉండాలి. ఒక్కో చోటు నుంచి కనీసం ఐదు ఉండలైనా వేయించండి. సీసాలో ఒకేలా కనబడిన మట్టి ఇక్కడ రెండు రకాలుగా ఎందుకు ప్రవర్తించిందని అడగాల్సింది ఇప్పుడే. జవాబు మీరు చెప్పకండి.

నీరు ఇంకడం

కోసిన సీసాల్లో మట్టి నింపి నీళ్లు పోయించడం సులువే. కానీ అక్కడ మట్టి అమరిక ఎప్పుడో చెదిరిపోయింది, పైగా నీరు సీసా గోడ వెంట జారిపోతుంది. నేల మీదే చేయించండి. రెండు వైపులా తెరిచిన 15 సెంటీమీటర్ల వ్యాసం డబ్బాను, పైన అడ్డంగా చెక్క పెట్టి సుత్తితో కొడుతూ 5 సెంటీమీటర్లు దించాలి. అంచు వెంట లోపలి మట్టిని వేలితో అదమాలి. లోపల ప్లాస్టిక్ కాగితం పరిచి 450 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, కాగితాన్ని మెల్లగా లాగేయాలి. నేరుగా పోస్తే ధారకు పైమట్టి చెదిరి రంధ్రాలు పూడుకుపోతాయి. ఆ నీళ్లు 2.5 సెంటీమీటర్ల వానకు సమానం. మొదటి విడత నేలను తడపడానికే. అది ఇంకాక రెండో విడత పోసి, ఆఖరి మెరుపు మాయమయ్యేదాకా స్టాప్‌వాచ్ నడపండి. దారి మీద అరగంట దాటినా నీరు నిలిచే ఉంటే, మిగిలిన ఎత్తు కొలిచి ఆపేయండి. డబ్బా కోసిన అంచులు పదునుగా ఉంటాయి, చేతికి తొడుగు తప్పనిసరి.

మట్టిలో ఉన్నవారు

రెండు లీటర్ల సీసా పైభాగాన్ని కోసి తలకిందులుగా గరాటులా పెట్టి, మెడ దగ్గర 2, 3 మిల్లీమీటర్ల కంతల జాలీ వేసి, డబ్బాలోని తేమ మట్టిని ఆకుతుక్కుతో కలిపి వదులుగా నింపండి. కింద గిన్నెలో తడి టిష్యూ. పైన 15 సెంటీమీటర్ల ఎత్తులో 25 వాట్ల పాత రకం బల్బు. ఎల్ఈడీ సరిపోదు, ఎందుకంటే జీవుల్ని కిందికి తరిమేది ప్రధానంగా మట్టి పైనుంచి వేడెక్కి ఆరిపోవడమే. బల్బు మరీ దగ్గరైతే అవి దిగేలోపే చచ్చిపోతాయి. ఒకటి రెండు రోజుల్లో స్ప్రింగ్‌టెయిల్స్ (గెంతే, రెక్కల్లేని చిన్న జీవులు), మైట్లు (సాలీడు కుటుంబానికి దగ్గరి అతి చిన్న జీవులు) కింద పడతాయి. భూతద్దంతో చూసి లెక్కపెట్టాక తెచ్చిన చోటే వదిలేయండి. బల్బు వేడికి ఎండుటాకు అంటుకోకుండా చూడాలి, రాత్రిపూట వదిలి వెళ్లకూడదు.

మొదటి రోజే పాతాల్సింది ఒకటుంది: 10 బై 20 సెంటీమీటర్ల నూటికి నూరుపాళ్ల నూలు గుడ్డ, దాని పక్కనే, పోల్చడానికి, అంతే కొలతలో పాలిస్టర్ గుడ్డ. రెండింటినీ తూచి, 10 సెంటీమీటర్ల లోతులో రెండు చోట్లా పాతండి. గుర్తుగా నాటిన జెండాలు పోతాయి కాబట్టి గోడ నుంచీ చెట్టు నుంచీ దూరాలు కొలిచి రాసుకోవాలి. ఎనిమిది వారాలకు తీసి, మెల్లగా కడిగి, ఆరబెట్టి, తూచాలి. నూలు ఎంత తగ్గితే సూక్ష్మజీవులు అంత పనిచేశాయి. మొత్తం సమయం నేల పొడిగా ఉంటే నూలు గుడ్డ కూడా కుళ్లదు, వారానికోసారి రెండు చోట్లా సమానంగా నీళ్లు పోయించండి.

పీహెచ్‌కు, అంటే మట్టి ఆమ్లమో క్షారమో చెప్పే సంఖ్యకు, 20 గ్రాముల మట్టిని 50 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, అరగంట ఆగి, పైన తేరిన నీటిలో పీహెచ్ కాగితం పట్టీ ముంచితే చాలు. వెనిగర్ పోసి నురగ చూసే పరీక్ష పీహెచ్‌ను కొలవదు. అది సున్నపు కార్బొనేట్ ఉందో లేదో మాత్రమే చెబుతుంది.

బురదనీళ్లు సింక్‌లో పోయనివ్వకండి, పైపుల్లో పేరుకుంటాయి. బకెట్‌లో పోగుచేసి ఆరుబయట నేల మీద పారబోయించి, పిల్లల చేతులు సబ్బుతో, గోళ్ల సందులతో సహా కడిగించండి.