అద్దె జాకెట్, సొంత హార్నెస్: బడ్డీల గేర్ కలవనప్పుడు

బెజవాడలో రాత్రి రైలెక్కి, పొద్దున్నే విశాఖలో దిగి, రుషికొండలో సిలిండర్ కట్టుకుని సముద్రంలో డైవ్ (స్కూబా) చేసే గుంపుల్లో ఇప్పుడు రెండు రకాలవాళ్లు కనిపిస్తారు. డైవ్ సెంటర్‌వాళ్లు ఇచ్చిన అద్దె గేర్, అంటే గాలి నింపుకునే జాకెట్ ఉన్న సెట్, తగిలించుకునేవాళ్లు ఒకరు, ఒక్కొక్కటీ ఏరి కొనుక్కుని పట్టీల హార్నెస్‌తో సొంత సెట్ కట్టుకున్నవాళ్లు ఇంకొకరు. ఎవరికి వాళ్లు బాగానే దిగుతారు. ఇద్దరినీ బడ్డీలుగా, అంటే నీళ్లలో ఒకరినొకరు కనిపెట్టుకునే జంటగా కడితేనే తేడాలు బయటపడతాయి. నేను చూసుకునే లెక్క ఇది: అవతలివాళ్ల చెయ్యి పడాల్సినది అందరికీ ఒకేలా ఉండాలి, మన చెయ్యి ఒక్కటే పడేది మన ఇష్టం.

గాలి అయిపోయిందని సైగ చేశాక, దేన్ని అందుకోవాలో తెలియక బడ్డీ తడుముకుంటున్నాడు

కారణం: అద్దె సెట్‌లో నోట్లో పెట్టుకుని గాలి పీల్చే రెగ్యులేటర్ మనది, పసుపు రంగు ఆక్టోపస్ (అదనపు రెగ్యులేటర్) అవతలివాళ్లకి. గడ్డానికీ కింది పక్కటెముకలకీ మధ్య త్రికోణంలో అది కనబడాలని కోర్సులో నేర్పుతారు. సొంత సెట్‌వాళ్లు వాడే లాంగ్ హోస్ (పొడవాటి గాలి గొట్టం) సెట్‌లో ఇది తలకిందులు. నోట్లో ఉన్నదాన్నే తీసి ఇచ్చేసి, మెడలో రబ్బరు తాడుకి వేలాడే రెండోదాన్ని తాము పెట్టుకుంటారు. ఫ్లోరిడా నీటి గుహల్లో డైవ్ చేసినవాళ్లు రూపుదిద్దిన పద్ధతి ఇది. ఇరుకు దారిలో ఇద్దరూ ఒకరి వెనక ఒకరు ఈదాలి కాబట్టి హోస్ 7 అడుగులు ఉంటుంది. 1998లో మొదలైన జీయూఈ (గ్లోబల్ అండర్‌వాటర్ ఎక్స్‌ప్లోరర్స్) అనే డైవింగ్ శిక్షణ సంస్థ దీన్నే టీమ్ మొత్తానికీ ఒకే అమరికగా నేర్పుతోంది.

అందులో లాజిక్ నాకు నచ్చుతుంది. ఊపిరందని మనిషి పసుపు రంగు ఎక్కడుందా అని తీరిగ్గా వెతకడు, ఎదురుగా బుడగలు వస్తున్నదాన్నే లాక్కుంటాడు. కానీ ఆ సెట్ వేసుకున్నవాడికి అద్దె జాకెట్ బడ్డీ దొరికితే ఏమవుతుంది? ఒకడు ఛాతీ మీద పసుపు కోసం వెతుకుతుంటాడు, రెండోవాడు నోట్లోది తీసి చాపుతుంటాడు. రెండు పద్ధతులూ మంచివే. ముందు మాట్లాడుకోకపోవడంతోనే చిక్కు.

పరిష్కారం: పడవ ఎక్కకముందే "నీకు గాలి అయిపోతే నా దగ్గర ఏది తీసుకుంటావు?" అని అడగండి. నోటితో చెబితే ఒప్పుకోవద్దు, చేత్తో పట్టుకుని చూపించమనండి. ఊళ్లో ఉండగానే స్విమ్మింగ్ పూల్‌లో నడుం లోతు నీళ్లలో మోకాళ్ల మీద కూర్చుని ఇవ్వడం, తీసుకోవడం చేయండి. ముందు కళ్లు తెరిచి, తర్వాత మూసుకుని. లాంగ్ హోస్ మెడ వెనక నుంచి తిరిగి వస్తుంది కాబట్టి, ఇచ్చేవాడు తల వంచాలి. తీసుకునేవాడు కంగారులో గుంజితే అది మాస్క్ పట్టీకో టార్చికో తగులుకుంటుంది. "ఒరేయ్, గుంజకు, నా తల దాటనీ" అని తల పైకెత్తి అరిచే అవకాశం పూల్‌లోనే ఉంటుంది మరి. ఎప్పుడూ అద్దె గేర్‌వాళ్లతోనే దిగేవాళ్లకి, కుడి చంక కింద నుంచి తెచ్చుకునే 5 అడుగుల హోస్ చాలని నా అభిప్రాయం.

పూల్‌లో చక్కగా మునిగాను, సముద్రంలో మునగడం లేదు

కారణం: ఉప్పునీరు మంచినీటికంటే సుమారు రెండున్నర శాతం బరువు. మనిషి, గేర్ కలిపి 100 కేజీలుంటే, సముద్రంలో ఇంకో 2.5 కేజీలు కట్టాలి. దీనికి తోడు హార్నెస్‌కి వీపు మీద స్టీలు పలక (బ్యాక్‌ప్లేట్) ఉన్నవాడు ఆ మేరకు నడుముకి కట్టే సీసం బరువులు తగ్గించుకోవాలి, మెత్తలున్న జాకెట్‌వాడు పెంచుకోవాలి. "నువ్వెంత కట్టావు?" అని పక్కవాణ్ని అడిగి అంతే కట్టుకోవడం దండగ.

పరిష్కారం: గేర్‌లో ఏది మారినా, నీరు మారినా బరువు మళ్లీ చూసుకోండి. డైవ్ అయ్యాక సిలిండర్‌లో గాలి ఒత్తిడి 50 బార్ ఉన్నప్పుడు, జాకెట్ ఖాళీ చేసి, మామూలు ఊపిరి పట్టి నిలబడితే నీళ్లు కళ్ల దగ్గరికి రావాలి. మొదట్లోనే చూసుకుంటే లెక్క తప్పుతుంది. 11.1 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ దగ్గర గాలి బరువే 2.7 కేజీల దాకా ఉంటుంది, 50కి వచ్చేసరికి అందులో 2 కేజీలు తగ్గిపోతుంది.

హార్నెస్‌వాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ కింద వెయిట్ బెల్ట్ ఇరుక్కుంటే, ఆపదలో బకిల్ విప్పినా అది జారి పడదు. బెల్ట్ ఆ పట్టీకి పైన ఉండాలి, కుడిచేత్తో విప్పేలా ఉండాలి. అది బడ్డీ కూడా విప్పాల్సిరావచ్చు, కాబట్టి ఇక్కడ సొంత ఇష్టం కుదరదు.

గాలి ఎంతుందో సైగ చేస్తే ఒకరిది ఒకరికి అర్థం కావడం లేదు

ఒకరి గేజ్ బార్‌లో, మరొకరిది పీఎస్ఐలో ఉంది. 3000 పీఎస్ఐ అంటే దాదాపు 207 బార్. దిగేముందు ఇద్దరి గేజ్‌లూ పక్కపక్కన పెట్టి, సగం ఎంత, వెనక్కి తిరగాల్సింది ఎంత అన్నది మాట్లాడుకుంటే సరిపోతుంది.

సొంత రెగ్యులేటర్ అద్దె సిలిండర్‌కి పట్టడం లేదు

మీది డిన్ (వాల్వులోకి మరలా తిప్పి బిగించేది), వాళ్లది యోక్ (వాల్వు మీద చుట్టూ పట్టి బిగించేది). అడాప్టర్ వెంట ఉంచుకోండి. ఇంకా కొననివాళ్లు ముందు సెంటర్‌కి ఫోన్ చేసి వాళ్ల వాల్వులు ఏ రకమో అడగండి.

తగిలించుకున్నవి వేలాడుతున్నాయి, వలకి పట్టుకుంటున్నాయి

కారణం: హార్డ్‌వేర్ షాపులో దొరికే, నొక్కితే లోపలికి తెరుచుకునే కొక్కేలు. పక్క నుంచి వల దారం తగిలినా తెరుచుకుని దాన్ని లోపలికి తీసుకుంటాయి. చేపల వలలు వేసే తీరంలో ఇది చిన్న విషయం కాదు.

పరిష్కారం: వేలితో వెనక్కి లాగితేనే తెరుచుకునే బోల్ట్ స్నాప్‌లు వాడండి, అవీ స్టెయిన్‌లెస్ స్టీలువి. గేజ్‌కి, టార్చికి వాటిని ఇనుప రింగుతో కాకుండా దారంతో కట్టండి. ఇరుక్కుంటే కత్తితో కోసేయొచ్చు. ఇక హార్నెస్ మీద టార్చి కదలకుండా పట్టి ఉంచే రబ్బరు బ్యాండ్లు కొననక్కర్లేదు. ఆటోనగర్‌లో ఏ పంక్చర్ షాపులో అడిగినా పాత బైక్ ట్యూబ్ ఇస్తారు. రెండు వేళ్ల వెడల్పున అడ్డంగా కత్తిరిస్తే అయిపోయింది. ఎక్కడ పెట్టుకుంటారన్నది మీ ఇష్టమే. ఉప్పుకి, ఎండకి పగుళ్లు రాగానే మార్చేయండి.