మూలన ‘యాక్టివేట్ విండోస్’ అని వస్తే: కీ కొనకముందు చూడాల్సినవి

లక్షణం అందరికీ తెలిసిందే. తెర కుడివైపు కింద మూలలో ‘యాక్టివేట్ విండోస్’ అని మసక అక్షరాలు. అంటే మీ విండోస్ లైసెన్స్ అసలుదేనని మైక్రోసాఫ్ట్ దగ్గర ఖాయం కాలేదన్నమాట. వాల్‌పేపర్ మారుద్దామంటే మారదు. లేదంటే ‘మీ విండోస్ లైసెన్స్ త్వరలో ముగుస్తుంది’ అని ఓ పెట్టె మాటిమాటికీ అడ్డమొస్తుంది. టెన్షన్ పడకండి. విండోస్ 10, 11లలో దీనివల్ల ఫైళ్ళు పోవు, పని ఆగదు. ఒడిశాలోని మా పర్లాకిమిడి డీటీపీ సెంటర్ల వాళ్ళు మాత్రం పెళ్ళిళ్ళ సీజన్లో ఈ రాత చూడగానే ఎవరో ఒకరి చేత ఫార్మాట్ కొట్టించేస్తారు. తెలుగు కార్డుల ‘అను’ ఫాంట్లు, ఒడియా దరఖాస్తుల ‘ఆకృతి’ ఫాంట్లు రెండూ పోగొట్టుకుని, అప్పుడొచ్చి మొత్తుకుంటారు.

ముందు గడియారం చూడండి. ఎన్నిసార్లు చెప్పినా ఇది ఎవరూ చూడరు. తేదీ తప్పుంటే మైక్రోసాఫ్ట్ సర్వర్‌తో భద్రమైన కనెక్షన్ కుదరదు, యాక్టివేషన్ జరగదు. ఎర్రర్ నంబరు చివర 72ఎఫ్8ఎఫ్ అని ఉంటే దాదాపు ఇదే. బ్రౌజర్ కూడా బ్యాంకు సైట్లు తెరవడానికి మొరాయిస్తుంటే ఇక అనుమానమే అక్కర్లేదు. తేదీ సరిచేయండి, రాత్రికి ప్లగ్గు పీకేయండి, పొద్దున్న మళ్ళీ చూడండి. తేదీ మళ్ళీ పాత సంవత్సరానికి వెళ్ళిపోయిందంటే మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 బ్యాటరీ అయిపోయింది. రూపాయి బిళ్ళంత ఉంటుంది, వాచీల షాపులో దొరుకుతుంది. కరెంటు తరచూ పోయే చోట పాత డెస్క్‌టాప్ ఉన్నవాళ్ళు ఒకటి అదనంగా దగ్గర పెట్టుకోండి.

గడియారం సరిగ్గానే ఉందా? అయితే సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ తెరవండి. ఎర్రర్ నంబరు సంగతి తర్వాత, ముందు ఎడిషన్ (అంటే ఏ రకం విండోస్) అన్న వరుస చదవండి. అసలు దొంగ అక్కడ దాక్కుంటాడు.

మా వైపు ఎక్కువగా వచ్చే కేసు ఇలా ఉంటుంది. ‘‘బాబూ, ఆర్నెల్ల కిందట ఫార్మాట్ చేయించాను, అప్పుడు బాగానే ఉంది, ఇప్పుడు మళ్ళీ వచ్చీసింది.’’ ఆ ఆర్నెల్లన్న మాట దగ్గరే కారణం తెలిసిపోతుంది. పేజీలో చూస్తే ‘ప్రో’ అనో ‘ఎంటర్‌ప్రైజ్’ అనో ఉంటుంది. దాని కింద, మీ సంస్థ యాక్టివేషన్ సర్వర్‌ను చేరుకోలేకపోయాం అని సందేశం. మందుల షాపు లాప్‌టాప్‌కి సంస్థ సర్వర్ ఎక్కడిది?

జరిగింది ఇది. పెద్ద ఆఫీసుల కోసం కేఎంఎస్ అనే పద్ధతి ఉంది. కనీసం 25 కంప్యూటర్లున్న చోట లోపలే ఒక సర్వర్ పెట్టుకుంటారు. అది ఒక్కో మెషీన్‌కు 180 రోజుల అనుమతి ఇస్తుంది, మెషీన్ వారానికోసారి దాన్ని పలకరించి గడువు పొడిగించుకుంటుంది. ఫార్మాట్ చేసినవాడు తన పెన్‌డ్రైవ్‌లోని వాల్యూమ్ విండోస్ (సంస్థలకిచ్చే రకం) ఎక్కించి, ‘యాక్టివేటర్’ అనే దొంగ ప్రోగ్రాంతో మీ కంప్యూటర్‌లోనే ఆ సర్వర్ వేషం కట్టించాడు. అందుకోసం విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌ని ఆపి, ఆ ఫోల్డర్ జోలికి పోవద్దని మినహాయింపు కూడా రాసి పెట్టాడు. ఎప్పుడో ఒక అప్‌డేట్ తర్వాత డిఫెండర్ దాన్ని పట్టుకుని చెరిపేస్తుంది. ఆ రోజు మీకేమీ తెలియదు. మిగిలిన గడువు కరిగి, నెలల తర్వాత మూలన రాత వస్తుంది. అందుకే ఎవరూ ఆ ఫార్మాట్‌ను అనుమానించరు. నిన్న వేసిన ప్రింటర్ డ్రైవర్‌ను తిడతారు.

ఖాయం చేసుకోవాలంటే విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, ఎస్ఎల్ఎంజీఆర్ అని ఇంగ్లిష్‌లో కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ ఎక్స్‌పీఆర్ అని కొట్టండి. శాశ్వతంగా యాక్టివేట్ అయిందంటే మంచిదే. వాల్యూమ్ యాక్టివేషన్ ఫలానా తేదీకి ముగుస్తుందని చూపించి, ఇది మీ సొంత మెషీనే అయితే, పైన చెప్పిన కథే.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది: అసలు లైసెన్స్ మీ దగ్గరే ఉండి ఉంటుంది. విండోస్ 8 కాలం నుంచి లాప్‌టాప్ కంపెనీలు కీని, అంటే లైసెన్స్ నంబరును, స్టిక్కర్ మీద కాకుండా మదర్‌బోర్డు చిప్‌లోని బయోస్‌లోనే పెడుతున్నాయి. షోకీప్లస్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం తెరిస్తే ఓఈఎం (అంటే తయారీ కంపెనీ పెట్టిన) కీ, ఓఈఎం ఎడిషన్ కనిపిస్తాయి. అక్కడ ‘హోమ్ సింగిల్ లాంగ్వేజ్’ అని ఉండి మెషీన్లో ‘ప్రో’ నడుస్తుంటే, మీరు డబ్బిచ్చి కొన్న అసలు విండోస్‌ను తీసేసి నకిలీ పెట్టారన్నమాట. ఆ హోమ్ కీని ప్రోలో ఎన్నిసార్లు కొట్టినా తీసుకోదు. ప్రో నుంచి హోమ్‌కి దిగాలంటే కొత్తగా ఎక్కించాల్సిందే.

మైక్రోసాఫ్ట్ సైటు నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించి, దాంతో 8 జీబీ పెన్‌డ్రైవ్‌ను విండోస్ ఎక్కించడానికి తయారు చేయండి. డేటా కాపీ చేసుకునేటప్పుడు సి డ్రైవ్‌లో విండోస్ లోపలి ఫాంట్స్ ఫోల్డర్ మర్చిపోకండి. ఆకృతి ఫాంట్ లేకపోతే పాత ఒడియా ఫైళ్ళు పిచ్చి గీతల్లా కనిపిస్తాయి. పాత డ్రైవ్ తుడిచి ఎక్కిస్తే ఇన్‌స్టాలర్ బయోస్‌లో కీ చూసి ఎడిషన్ తానే ఎంచుకుంటుంది. నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది. విండోస్ 8తో వచ్చిన లాప్‌టాప్‌కి మాత్రం ఒక మెలిక ఉంది. 7, 8 కీలతో కొత్త విండోస్‌ను యాక్టివేట్ చేయనివ్వడం 2023 సెప్టెంబరులో ఆపేశారు. గతంలో అదే మెషీన్ మీద 10 సక్రమంగా యాక్టివేట్ అయి ఉంటే పని జరుగుతుంది.

‘ఇదంతా ఎందుకన్నా, అదే యాక్టివేటర్ ఇంకోసారి నడిపెయ్’ అంటారు. నేను నడపను. కాపలావాణ్ణి నిద్రపుచ్చి వచ్చిన ప్రోగ్రాం ఇంకేం తెచ్చిందో ఎవరికి తెలుసు? మీ సెంటర్లో జనాల ఆధార్ కాపీలు, మీ బ్యాంకు పాస్‌వర్డ్‌లు ఉన్నాయి. కొత్తగా ఎక్కించే వీలు వెంటనే లేకపోతే కనీసం డిఫెండర్ మినహాయింపుల జాబితా తెరిచి, మీరు పెట్టనివన్నీ తీసేసి, పూర్తి స్కాన్ పెట్టండి. రాతను దాచే ప్రోగ్రాంలు కూడా ఈ కోవలోవే.

మదర్‌బోర్డు మార్చాక వచ్చిందా? విండోస్‌ను ముందే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు ముడిపెట్టి ఉంటే, యాక్టివేషన్ ట్రబుల్‌షూటర్‌లో ‘ఈ మధ్య హార్డ్‌వేర్ మార్చాను’ అన్నది నొక్కితే సరి. ముడిపెట్టకపోతే బోర్డు మార్చిన కంపెనీ సర్వీసు సెంటర్‌నే అడగండి.

నెట్‌లో చౌకగా కొన్న కీ ఆగిపోతే అమ్మినవాణ్ణి పట్టుకోండి, దొరికితే. బరంపురంలోనో విశాఖలోనో కొన్న సెకండ్‌హ్యాండ్ ఆఫీసు లాప్‌టాప్‌లో ఎంటర్‌ప్రైజ్ ఉంటే కంగారు పడొద్దు. వాటి బయోస్‌లో చాలావరకు ప్రో కీ ఉంటుంది, పైన చెప్పిన పద్ధతే.

ఇక విండోస్ 7లో ‘ఈ కాపీ అసలుది కాదు’ అని నల్ల తెర. దానికి ఉచిత అప్‌డేట్లు 2020 జనవరి 14తోనే ఆగాయి. దాని మీద నేను టైం పెట్టను. నెట్ తీగ పీకేసి, పాత ప్రింటర్ కోసం వాడుకోండి.