ఇంటి పెద్దల జీవితచరిత్ర రాద్దాం – 4వ పాఠం: తాతగారి కారు కొండెక్కిందా?

పోయిన పాఠంలో ఇంట్లోవాళ్లు చెప్పింది చెప్పినట్టు నోటుపుస్తకంలోకి ఎక్కించాం. ఇప్పుడు అందులోని సంవత్సరాలను నిలదీద్దాం. మన నమూనా మనిషి కల్పితమే: తిరుపతిలో తొలితరం కార్ల వ్యాపారి, తర్వాత మున్సిపల్ కౌన్సిలర్.

నోటుపుస్తకంలో ఒక వాక్యం ఉంది: “1938లో తాతగారు ఒక జమీందారును తన కారులో తిరుమలకు తీసుకెళ్లారు.” దాని పక్కన ఊరి సంవత్సరం, అంటే ఆ ఊళ్లో దానికి సంబంధించిన మార్పు వచ్చిన సంవత్సరం, రాయండి. తిరుమల మొదటి ఘాట్ రోడ్డు ప్రారంభమైంది 1944 ఏప్రిల్‌లో. అంతకుముందు మెట్లెక్కాలి, లేదా డోలీలో వెళ్లాలి. అంటే కారు కొండెక్కలేదు, వాక్యమే కొండెక్కింది.

అయినా కొట్టేయకండి. చెప్పిన పెద్దమ్మగారి దగ్గరికే మళ్లీ వెళ్లి, “కారు ఎక్కడ ఆగింది?” అని అడగండి. “అలిపిరిలోనే ఆగిందా?” అని మాత్రం అడగవద్దు, జవాబును మనమే నోటికి అందించినట్టవుతుంది. “అలిపిరి దగ్గర, అక్కడి నుంచి డోలీ” అంటే 1938 కుదురుతుంది. “నేరుగా కొండమీదే దిగాం” అంటే సంవత్సరం 1944కో, ఆ తర్వాతకో జరగాలి. 1944 అయితే యుద్ధకాలం, పెట్రోలుకు రేషను. మరి పెట్రోలు ఎక్కడిది? అడగడానికి కాస్త మొహమాటంగానే ఉంటుంది. అడగండి.

“1950లో అంబాసిడర్లు అమ్మారు” అన్నదీ నిలవదు. ఆ కారు వచ్చింది 1950ల చివర్లో. ఇది అబద్ధం కాదు. చాలాకాలం మనకు కారంటే అంబాసిడరే కాబట్టి జ్ఞాపకం ఆ పేరు తగిలించుకుంది. “ఊళ్లో మొట్టమొదటి కారు మాదే” అన్న మాటను మాత్రం ఎవరు బతిమాలినా నేను రాయను. ప్రతి వీధిలో ఒక మొట్టమొదటి కారు ఉంటుంది.

పదవులకూ ఇదే పరీక్ష. తిరుపతి మున్సిపాలిటీ 1886లో, చిత్తూరు మున్సిపాలిటీ 1917లో ఏర్పడ్డాయి. 1912లో చిత్తూరు మున్సిపల్ చైర్మన్ అని ఎవరైనా చెబితే మళ్లీ విచారించాల్సిందే. తాతగారు కౌన్సిల్‌లో రోడ్ల కోసం పట్టుబట్టి ఉంటే, ఆయన కార్లు అమ్మేవారన్న సంగతి కూడా అదే పేరాలో ఉండాలి. రెండు పేజీల అవతల దాచవద్దు.

అభ్యాసం: సంవత్సరం ఉన్న మూడు వాక్యాలు ఎంచుకుని, ఒక్కోదాని ఎదుట ఒక ఊరి సంవత్సరం రాయండి. పొసగని చోట అడగవలసిన ప్రశ్న రాసుకోండి. వచ్చే పాఠంలో పాత ఫొటోల వెనక రాతలు చదువుదాం.