మన ఊరి సమస్యను లోక్‌సభలో లేవనెత్తించడం ఎలా?

ఎంపీ గారికి దండ వేసి, వినతిపత్రం చేతికిచ్చి, ఫొటో దిగి వచ్చేస్తే పని మొదలైనట్టే అనుకుంటాం. ఆ కాగితాల్లో చాలావాటిని సభలో ఎలా వాడాలో ఎంపీ కార్యాలయానికే తెలియదు. అందులో వేదన ఉంటుంది, కేంద్ర మంత్రిని అడగదగ్గ ప్రశ్న ఉండదు. లోక్‌సభలో 543 మంది సభ్యులున్నారు. ఆంధ్రప్రదేశ్ వాటా 25, తెలంగాణ వాటా 17. మంత్రి పదవి గానీ పార్టీ నేత హోదా గానీ లేని సభ్యుడికి అక్కడ దొరికే సమయం నిమిషాల్లో ఉంటుంది. ఆ నిమిషాల నుంచి ప్రభుత్వం సంతకం చేసిన జవాబును కాగితం మీదికి రాబట్టడమే అసలు పని.

ఉదాహరణకు కాజీపేట–విజయవాడ రైలు మార్గంలో ఒక గేటు అనుకుందాం. రోజులో సగం సేపు మూసే ఉంటుంది, అంబులెన్సులు ఆగిపోతున్నాయి, ఊరివాళ్లకు పై వంతెన కావాలి.

ముందు తేల్చుకోవాల్సింది: ఇది ఢిల్లీ పనేనా?

కేంద్ర ప్రభుత్వానికి ప్రధానంగా సంబంధం లేని విషయంపై ప్రశ్న వేస్తే లోక్‌సభ సచివాలయం దాన్ని అనుమతించదు. పట్టాదారు పాసు పుస్తకం, పోలీసు స్టేషను, పంచాయతీ రోడ్డు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు లేకపోవడం వంటివి శాసనసభలో ఎమ్మెల్యే అడగాల్సినవి. రైల్వే, జాతీయ రహదారులు, తపాలా, పీఎఫ్, ఈఎస్ఐ, పాస్‌పోర్టు, కేంద్రీయ విద్యాలయాలు, విమానాశ్రయాలు, ప్రభుత్వ రంగ బ్యాంకులు ఎంపీ పరిధిలోకి వస్తాయి. కేంద్రం డబ్బుతో రాష్ట్రం నడిపే పథకాలు మధ్యలో ఉంటాయి. వాటి విషయంలో 'ఎందుకు పని జరగలేదు' అని కాకుండా 'ఎంత విడుదల చేశారు, ఎంత ఖర్చయినట్టు లెక్క వచ్చింది' అని అడిగితే నిలబడుతుంది.

మన గేటు రెండు ప్రభుత్వాలదీ. పట్టాల మీది వంతెన రైల్వేది. దానికి రెండు వైపులా వచ్చే రోడ్డుకు భూమి సేకరించాల్సింది రాష్ట్రం. చాలా వంతెనలు ఈ అతుకు దగ్గరే ఏళ్లకేళ్లు ఆగిపోతాయి. కాబట్టి వినతిపత్రం కలెక్టరుకు ఒకటి, ఎంపీకి ఒకటి, వేర్వేరుగా రాయాలి. ఒకే కాగితానికి జిరాక్సులు తీసి అందరికీ పంచితే ఎవరి పనీ కాకుండా పోతుంది.

కాగితంలో ఏముండాలి

ఒక్క పేజీ చాలు. గేటు నంబరు (గేటు దగ్గరే రాసి ఉంటుంది), రెండు వైపులా ఉన్న స్టేషన్ల పేర్లు, రైల్వే డివిజన్, ఏ రోడ్డు మీద ఉంది, ఇంతకు ముందు ఎవరికి ఏ తేదీన రాశారు, వాళ్లేమని జవాబిచ్చారు, ఇప్పుడు ఏం కావాలి అన్నవి ఉండాలి. పాత ఉత్తరాల నకళ్లు వెనక జత చేయండి.

అన్నిటికంటే విలువైన అంకె టీవీయూ. 24 గంటల్లో గేటు దాటే రైళ్ల సంఖ్యను రోడ్డు వాహనాల యూనిట్లతో గుణిస్తే వచ్చేది అదే. రోజుకు 60 రైళ్లు, 2,000 వాహన యూనిట్లు ఉంటే టీవీయూ 1,20,000. ఖర్చు పంచుకుని పై వంతెన కట్టడానికి లక్ష దాటిందా లేదా అన్నది రైల్వే చాలాకాలంగా చూస్తున్న కొలమానం. బస్సుకీ బైకుకీ ఒకే యూనిట్ విలువ ఉండదు కాబట్టి మీరు సొంతంగా లెక్కపెట్టినది అధికారిక గణన కాదు. అయినా కుర్రాళ్లు నలుగురు వంతులవారీగా కూర్చుని ఒక రోజంతా లెక్క రాస్తే, రైల్వే చివరిసారి ఎప్పుడు లెక్కించిందో అడగడానికి ఆధారం దొరుకుతుంది. 'వేలాది వాహనాలు' అన్న మాటకు అక్కడ విలువ లేదు.

ఎప్పుడు ఇవ్వాలి

సాధారణంగా ఏటా మూడు సమావేశాలు జరుగుతాయి: జనవరి చివర మొదలయ్యే బడ్జెట్, జులైలో వర్షాకాల, నవంబరు–డిసెంబరులో శీతాకాల సమావేశాలు. ప్రశ్నకు కనీసం పదిహేను పూర్తి రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నోటీసు ఇచ్చిన రోజు, జవాబు రావాల్సిన రోజు ఈ లెక్కలోకి రావు. పైగా మంత్రిత్వ శాఖలను ఐదు బృందాలు చేసి, ఒక్కో బృందానికి వారంలో ఒక రోజు కేటాయిస్తారు. రైల్వే రోజు తప్పితే మళ్లీ వారం ఆగాలి. సమావేశాలు మొదలయ్యాక వినతిపత్రం పట్టుకెళ్తే సగం అవకాశాలు అప్పటికే చేజారి ఉంటాయి. నెల ముందు ఇవ్వండి. ఎంపీ గారికి ఇచ్చినా, ప్రశ్నలు తయారుచేసే సహాయకుడెవరో కనుక్కుని ఆయనకూ ఒక ప్రతి ఇవ్వండి, ఆ ప్రతే ఎక్కువ పనిచేస్తుంది.

మీ ఎంపీ కేంద్ర మంత్రి అయితే సభలో ప్రశ్నలు అడగరు. అప్పుడు మీ రాష్ట్రం నుంచి ఎన్నికైన రాజ్యసభ సభ్యులను ఆశ్రయించాలి. ఆంధ్రకు 11 మంది, తెలంగాణకు 7 మంది ఉన్నారు. రాజ్యసభలోనూ ప్రశ్నకు పదిహేను రోజుల నోటీసే.

ఏ దారిలో అడగాలి

జనానికి బాగా తెలిసింది జీరో అవర్. లోక్‌సభలో పన్నెండు గంటలకు, ప్రశ్నోత్తరాల తర్వాత వస్తుంది. నియమావళిలో ఆ పేరే ఉండదు, ఆనవాయితీగా సాగుతోంది. నోటీసు ఇస్తే లాటరీలో పేరు రావాలి, వచ్చినా ఒకటి రెండు నిమిషాలే. స్పీకర్ ఎక్కువమందికి అవకాశమిచ్చే రోజులూ ఉంటాయి: 2025 ఏప్రిల్ 3న 202 మంది మాట్లాడారు. వీడియో బాగా తిరుగుతుంది, ఊళ్లో పేరొస్తుంది. కానీ మంత్రి అక్కడికక్కడ జవాబు చెప్పాలన్న నిబంధన లేదు. నిన్న జరిగిన ప్రమాదం, రేపు ఆగిపోబోయే రైలు లాంటి అత్యవసరాలకు ఇది సరైనది. పదేళ్ల నాటి గేటు సమస్యకు దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు.

లోక్‌సభ నియమావళిలోని 377వ నిబంధన కింద ఒక విషయాన్ని సభ దృష్టికి తేవడం దీనికంటే నెమ్మది, కానీ గట్టిది. 250 పదాలకు మించని పాఠం ముందే ఇవ్వాలి, ఒకే విషయం ఉండాలి, వాదన ఉండకూడదు. సభ్యుడికి వారానికి ఒకటే అవకాశం. అనుమతించిన పాఠాన్నే చదవాలి, పక్కకు ఒక్క మాట పోయినా రికార్డులోకి ఎక్కదు. సభలో గొడవ జరుగుతుంటే చదవకుండానే సభ ముందు ఉంచినట్టు పరిగణిస్తారు. అందువల్ల గందరగోళం రోజుల్లోనూ ఇది వృథా కాదు. తర్వాత మంత్రిత్వ శాఖ సభ్యుడికి రాతపూర్వకంగా జవాబు పంపాలి.

ఇక నక్షత్ర గుర్తు ప్రశ్న. రోజుకు 20 మాత్రమే జాబితాలోకి ఎక్కుతాయి, మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలకు వీలుంటుంది. ఆ ఇరవైలోనూ మొదటి కొన్నే చర్చకు వస్తాయి. మిగతావాటి జవాబులు కాగితం మీదే ఉంటాయి. రాతపూర్వక జవాబు మాత్రమే వచ్చే గుర్తు లేని ప్రశ్నలు రోజుకు 230. ఒక సభ్యుడి పేరిట ఒక రోజు జాబితాలో ఐదు ప్రశ్నల దాకా ఉండొచ్చు, అందులో నక్షత్ర గుర్తుది ఒకటే.

మా ఉద్దేశంలో, ఒక ఊరి గేటుకు గుర్తు లేని ప్రశ్నే మేలు. ఒక్క ఊరికి పరిమితమైన విషయాన్ని నక్షత్ర గుర్తుకు ఇస్తే చాలాసార్లు గుర్తు తీసేసి లిఖితపూర్వక జాబితాలోకి మారుస్తారు. టీవీలో కనపడదన్న మాటే గానీ, జవాబు తేదీతో సహా శాశ్వతంగా ఉండిపోతుంది.

ప్రశ్న రాయడంలోనే ఉంది కిటుకు

150 పదాలకు మించకూడదు. వ్యంగ్యం, ఆరోపణ, అభిప్రాయం అడగడం, కోర్టులో ఉన్న విషయం, ఇప్పటికే జవాబిచ్చిన విషయం పనికిరావు. చివరి నోటీసు ఇంగ్లిషులోనో హిందీలోనో వెళ్తుంది కాబట్టి ముసాయిదాను ఆ భాషలో కూడా జత చేస్తే కార్యాలయానికి పని తగ్గుతుంది.

ఎక్కువగా జరిగే పొరపాటు మొదటి భాగంలోనే ఉంటుంది. '(ఎ) గేటు వద్ద పై వంతెన కట్టే ప్రతిపాదన ఉందా? (బి) ఉంటే వివరాలేమిటి? (సి) ఎప్పటికి పూర్తవుతుంది?' అని రాస్తే, మంత్రిత్వ శాఖ (ఎ)కి 'లేదు' అని, (బి), (సి)లకు 'ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు' అని రెండు లైన్లలో ముగించేస్తుంది. ఏ భాగమూ పక్క భాగం మీద ఆధారపడకుండా రాయాలి:

'(ఎ) సికింద్రాబాద్ డివిజన్‌లో ఫలానా నంబరు లెవెల్ క్రాసింగ్ వద్ద చివరిసారి వాహన గణన జరిగిన తేదీ, అప్పుడు తేలిన టీవీయూ. (బి) అక్కడ వంతెన కోసం గత ఐదేళ్లలో అందిన వినతులు, ఒక్కోదానిపై తీసుకున్న చర్య. (సి) ఖర్చు వాటాపై, భూసేకరణపై రాష్ట్ర ప్రభుత్వంతో జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాల తేదీలు. (డి) ఈ ఆర్థిక సంవత్సరంలో ఆ డివిజన్‌లో వంతెనలకు కేటాయించిన మొత్తం?'

ఇందులో జిల్లా పేరు కాకుండా డివిజన్ పేరు పెట్టడానికి కారణముంది. జిల్లావారీగా అడిగితే, రైల్వే ప్రాజెక్టులు జిల్లాల ప్రకారం కాక జోన్లవారీగా మంజూరవుతాయన్న రెడీమేడ్ జవాబు వస్తుంది. వంతెనల మంజూరు నిరంతర ప్రక్రియ అన్నది మరొకటి. తేదీలు, మొత్తాలు అడిగితే ఆ వాక్యాల వెనక దాక్కోవడం కష్టం.

ఒక జాగ్రత్త. ప్రశ్న అడిగించినందుకు డబ్బు, బహుమతి అన్న ఆలోచన దగ్గరికి రానివ్వకండి. 2005 డిసెంబరులో ఈ వ్యవహారంలోనే పది మంది లోక్‌సభ సభ్యులు, ఒక రాజ్యసభ సభ్యుడు పదవులు పోగొట్టుకున్నారు. నోటీసులు పంపే ఆన్‌లైన్ ఖాతా పాస్‌వర్డు కూడా అడగకూడదు. మీరు ముసాయిదా ఇవ్వండి, పంపడం వాళ్ల పని.

తెలుగులో మాట్లాడాలనుకునే ఎంపీ ముందుగా సచివాలయానికి చెబితే అనువాదకులు సిద్ధంగా ఉంటారు. ప్రసంగం కాగితం వాళ్లకు ముందే ఇస్తే గేటు నంబర్లు, ఊరి పేర్లు హిందీ, ఇంగ్లిషు అనువాదాల్లో దెబ్బతినవు.

జవాబు వచ్చాక

అసలు పని ఇక్కడ మొదలవుతుంది, చాలామంది ఇక్కడే ఆపేస్తారు. జవాబు పార్లమెంటు (సంసద్) వెబ్‌సైటులో దొరుకుతుంది, తీసి దాచుకోండి. 'పరిశీలనలో ఉంది', 'సమాచారం సేకరించి సభ ముందు ఉంచుతాం' లాంటి మాటలు ఉన్నాయేమో చూడండి. అలాంటివి సభకిచ్చిన హామీగా లెక్కకు రావచ్చు. హామీని మూడు నెలల్లో నెరవేర్చాలి, లేదంటే గడువు కోరాలి. వీటిని వెంటాడేందుకు ప్రభుత్వ హామీల కమిటీ అని ప్రత్యేకంగా ఒకటుంది. మీ జవాబును హామీగా నమోదు చేశారో లేదో ఎంపీ కార్యాలయాన్ని అడగండి.

జవాబు అరకొరగా ఉంటే ఎంపీ అరగంట చర్చ కోరవచ్చు. మూడు రోజుల ముందు, కారణాలు రాసి, మరో ఇద్దరు సభ్యుల సంతకాలతో నోటీసు ఇవ్వాలి. జవాబులో అంకె తప్పని మీ దగ్గర రుజువు ఉంటే, స్పీకర్ ఆదేశాల్లో 115వది కింద ఎంపీ స్పీకర్‌కు రాయవచ్చు. మీరు రాసుకున్న వాహనాల లెక్క సరిగ్గా అక్కడ పనికొస్తుంది.

సమావేశాలు లేని నెలల్లో ఎంపీ మంత్రికి ఉత్తరం రాయాలి. కేంద్ర కార్యాలయాల నిబంధనల ప్రకారం ఎంపీ ఉత్తరం అందినట్టు పదిహేను రోజుల్లో తెలపాలి, ఆ తర్వాత మరో పదిహేను రోజుల్లో జవాబివ్వాలి. గడువు దాటితే, ఆ ఉత్తరం తేదీనే వచ్చే సమావేశాల ప్రశ్నలో ఒక భాగం చేయండి.

ఇవేవీ కదలకపోతే పిటిషన్ ఉంది. సభను ఉద్దేశించి రాసి, ఊరివాళ్లు సంతకాలు పెట్టి, ఒక ఎంపీ చేత ధ్రువీకరణ సంతకం చేయిస్తే పిటిషన్ల కమిటీకి వెళ్లే వీలుంటుంది. తెలుగులో రాస్తే ఇంగ్లిషు లేదా హిందీ అనువాదం తప్పనిసరిగా జతచేయాలి. కమిటీ తలుచుకుంటే మంత్రిత్వ శాఖ అధికారులను పిలిపించి అడుగుతుంది. సమయం చాలా పడుతుంది, అందుకే దీన్ని మొదటి అడుగుగా వాడొద్దు.