గుర్రమెక్కాలంటే భయమా? ముందు ఆపడం నేర్చుకోండి

నేల మీద నుంచి చూస్తే గుర్రం ఎత్తు పెద్దగా అనిపించదు. జీను మీద కూర్చుని కిందికి చూస్తే మాత్రం నేల పాతాళంలో ఉన్నట్టుంటుంది. నలభైకి దగ్గరపడ్డాక తొలిసారి ఎక్కిన నాకైతే అలాగే అనిపించింది. కింద ఉన్నది నాలుగైదు వందల కిలోల ప్రాణి, దానికీ సొంత ఇష్టాయిష్టాలున్నాయి. కాబట్టి భయపడినందుకు సిగ్గుపడనక్కర్లేదు.

దేనికి భయమో తేల్చుకోండి

పడిపోతాననా, తన్నుతుందనా, చెప్పిన మాట వినకుండా పరుగు తీస్తుందనా, నలుగురూ నవ్వుతారనా? ఒక్కో భయానికి ఒక్కో మందు. నాది మూడో రకం. మీది ఏదైనా శిక్షకుడికి చెప్పేయండి. లేని ధైర్యం నటిస్తే చురుకైన గుర్రాన్ని అప్పగిస్తారు. మన దేశంలో చాలా రైడింగ్ క్లబ్బుల్లో పందేల నుంచి విరమించిన గుర్రాలుంటాయి. మంచివే, కానీ కొన్నింటికి కాలు కాస్త గట్టిగా తగిలినా పాత రోజులు గుర్తొస్తాయి. వయసు మళ్లిన, నెమ్మదైన గుర్రం కావాలని మొహమాటం లేకుండా అడగండి.

రెండు మూడు రోజులు ఎక్కకండి

గుర్రం కళ్లు తలకు ఇరుపక్కలా ఉంటాయి. సరిగ్గా వెనక, ముఖానికి మరీ దగ్గరగా ఎదురుగా తప్ప చుట్టూ దాదాపు అంతా దానికి కనిపిస్తుంది. అందుకే పేరు పెట్టి పిలుస్తూ ఎడమ భుజం వైపు నుంచి దగ్గరికి వెళ్లండి. ఒళ్లు బ్రష్‌తో రుద్దండి, పగ్గం పట్టుకుని నడిపించండి. బెల్లం ముక్క పెట్టవచ్చేమో అడిగి, అరచేయి చదునుగా చాపి పెట్టండి. వేళ్లు ముడిస్తే వాటినీ బెల్లమనుకుంటుంది! చెవులు ముందుకు నిక్కితే దేన్నో గమనిస్తోందని, వెనక్కి మెడకు అతుక్కుపోతే చిరాకులో ఉందని అర్థం. ఈ భాష తెలిశాక గుర్రం హఠాత్తుగా చేసే పనులు సగం హఠాత్తుగా అనిపించవు.

హెల్మెట్, కాస్త మడమ ఉన్న బూట్లు తప్పనిసరి. ఎక్కేముందు జీను పట్టీ బిగువు చూసుకోండి.

ఇక అసలు పాఠం

భయపడినవాడి ఒళ్లు ముందుకు ముడుచుకుంటుంది. మడమలు పైకి లేస్తాయి, కాళ్లు గుర్రం పక్కలను నొక్కేస్తాయి, చేతులు పగ్గాలను లాగేస్తాయి. కాలి నొక్కుడు గుర్రానికి ‘పద’ అన్న ఆజ్ఞ, పగ్గం లాగుడు ‘ఆగు’ అన్న ఆజ్ఞ. ఈగ వాలినా పసిగట్టే చర్మం దానిది. రెండు ఆజ్ఞలూ ఒకేసారి అందితే పాపం ఏం చేస్తుంది? కంగారుపడుతుంది. అది చూసి మనం ఇంకా బిగుసుకుంటాం.

కాబట్టి చుట్టూ కంచె ఉన్న మైదానంలో, శిక్షకుడి పక్కన, నడకలోనే ఇది సాధన చేయండి. పది అడుగులు నడిపించండి. నిటారుగా కూర్చుని, మడమలు కిందికి దించి, చూపు దూరంగా నిలిపి, ఊపిరి పూర్తిగా వదులుతూ పగ్గాల మీద వేళ్లు బిగించండి. ఆగగానే వేళ్లు సడలించండి, అదే దానికి శెభాష్. మళ్లీ పది అడుగులు. ఒక్క పూటలో ఇరవై సార్లు చేయండి, విసుగొచ్చినా సరే. ఆ విసుగు పుట్టిందంటే భయం తగ్గిందన్నమాట.

తర్వాత ఒక పక్క పగ్గంతో మెడ వంచి ఆపడం నేర్చుకోండి. ఇది కూడా నిలబడి ఉన్నప్పుడు, నడకలో మాత్రమే. వేగంలో ఉన్న గుర్రాన్ని ఒక్కసారిగా మలిపితే తూలి పడవచ్చు. అప్పుడు పెద్ద వలయంగా తిప్పుతూ, మెల్లగా వలయాన్ని చిన్నది చేయాలి.

నడక కన్నా వేగంగా, కుదుపుతో సాగే ట్రాట్‌కు వెళ్లేటప్పుడు పొడవాటి తాడు శిక్షకుడి చేతిలో ఉంటే పగ్గాల బెంగ ఉండదు. మెడకు కట్టిన పట్టీని పట్టుకోండి, అడుగులు పైకి లెక్కపెట్టండి. నోటితో లెక్కపెడుతున్నవాడు ఊపిరి బిగపట్టలేడు. పాట పాడినా ఫరవాలేదు, గుర్రాలు శ్రుతి చూడవు.

పడితే?

పడగానే మళ్లీ ఎక్కాలన్న మాట సగమే నిజం. తలకు దెబ్బ తగిలితే ఆ రోజు ఎక్కకూడదు. డాక్టరును కలవాలి, హెల్మెట్ మార్చేయాలి. తిరిగి వచ్చినప్పుడు పడిన చోట నుంచి కాకుండా ఒక మెట్టు కింద నుంచి మొదలుపెట్టండి. ట్రాట్‌లో పడితే నడకతో.

నేను ట్రాట్ కన్నా వేగమైన పరుగు, కాంటర్‌కు చేరడానికి ఎనిమిది నెలలు పట్టింది. నాతోపాటు చేరిన పద్నాలుగేళ్ల అమ్మాయికి నెలన్నర. ఇప్పటికీ నా పగ్గాలు వదులైతే దూరం నుంచి కేకేసి చెప్పేది ఆ అమ్మాయే.