అమెరికా క్యాంపస్‌లో చేతిపని, సేవాపని: కొత్తగా ఎంఎస్‌కి వచ్చినవారికి

చాలా యూనివర్సిటీల్లో ఫాల్ సెమిస్టర్ ఆగస్టు మూడు, నాలుగు వారాల్లో మొదలవుతుంది. కొత్తగా దిగినవాళ్ళకు మొదటి పదిహేను రోజులూ బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు, రూమ్మేట్లు, పరుపు, కుక్కర్ గొడవతోనే సరిపోతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే క్లబ్బులన్నీ బల్లలు వేసుకుని కూర్చునే ఇన్వాల్వ్‌మెంట్ ఫెయిర్ జరుగుతుంది, మేకర్‌స్పేస్ ట్రైనింగ్ స్లాట్లు తెరుస్తారు, కార్లు, రోబోలు కట్టే టీములు కొత్తవాళ్ళను చేర్చుకుంటాయి. పరుపు సెప్టెంబరులోనైనా కొనుక్కోవచ్చు. స్లాట్లు మాత్రం అప్పటికి నిండిపోతాయి.

మన బీటెక్‌లో ల్యాబ్ అంటే అబ్జర్వేషన్, రికార్డు, వైవా. మెషీన్ దగ్గర ఒకరుంటే చుట్టూ చూసేవాళ్ళు ఏడుగురు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు అమీర్‌పేటలో కొనుక్కొచ్చినా గడిచిపోయేది. ఇక్కడ ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో "అందులో నువ్వు చేసిందేమిటి, అలాగే ఎందుకు చేశావు" అన్న ప్రశ్న తప్పించుకోవడం కష్టం. అందుకని మొదటి సెమిస్టర్‌లోనే ఒక తయారీ పని, ఒక సేవాపని పట్టుకోండి. ఆ రెండూ కనీసం ఏడాది వదలకండి. నాలుగు క్లబ్బుల్లో పేరు రాయించుకుని ఒక్కదానికీ వెళ్ళకపోవడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ముందు టైము లెక్క

ఎంఎస్ వాళ్ళకు ఫుల్‌టైమ్ అంటే చాలాచోట్ల సెమిస్టర్‌కి 9 క్రెడిట్లు, బ్యాచిలర్స్ వాళ్ళకు 12. క్రెడిట్‌కి క్లాసు బయట వారానికి రెండు మూడు గంటల చదువు వేసుకుంటే 9 క్రెడిట్లకే క్లాసులతో కలిపి వారంలో 27 నుంచి 36 గంటలు పోతాయి. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్ ఉద్యోగం వారానికి 20 గంటలకు మించకూడదు. డైనింగ్ హాల్లో నిజంగా 20 గంటలూ చేసేవాళ్ళు, పైన టీముకి ఇంకో పదిహేను గంటలు ఇవ్వగలమనుకుంటే అక్టోబరు మిడ్‌టర్మ్‌లు తేల్చేస్తాయి. మొదటి సెమిస్టర్‌లో టీముకి వారానికి ఐదారు గంటలు, సేవాపనికి నెలకు ఒక శనివారం పెట్టుకుంటే నిలబడుతుంది. టీములో చేరిన రోజే "నాకు మంగళవారం సాయంత్రం, శనివారం పొద్దున కుదురుతుంది" అని చెప్పేయండి. అన్నిటికీ సరేనని తర్వాత కనిపించకుండా పోయేవాళ్ళంటే టీము లీడ్లకు ఒళ్ళు మంట.

మేకర్‌స్పేస్, మెషీన్ షాప్

ఇవి రెండూ వేరు. మేకర్‌స్పేస్‌లో 3డీ ప్రింటర్లు, లేజర్ కట్టర్, సోల్డరింగ్ బల్లలు ఉంటాయి, ఏ బ్రాంచి వాళ్ళయినా వెళ్ళొచ్చు. మెషీన్ షాప్‌లో లేత్, మిల్లింగ్ మెషీన్లు ఉంటాయి. అక్కడ సాధారణంగా ఒక ప్రాజెక్టో ప్రొఫెసర్ సంతకమో అడుగుతారు. వరస దాదాపు అంతటా ఒకటే: ఆన్‌లైన్ సేఫ్టీ క్విజ్, బాధ్యత పత్రం మీద సంతకం, తర్వాత ఒక్కో మెషీన్‌కి విడిగా ట్రైనింగ్. లేజర్ నేర్చుకున్నారు కదా అని బ్యాండ్‌సా ముట్టుకోనివ్వరు.

షాప్‌కి వేళ్ళు కప్పే బూట్లు, ఫుల్ ప్యాంటు వేసుకెళ్ళాలి. జుట్టు వెనక్కి కట్టాలి. ఉంగరాలు, గాజులు, గొలుసు తీసేయాలి, చున్నీ బయటే పెట్టాలి. చేతికి కట్టుకున్న గుడి దారాల సంగతి మనవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. లేత్‌లో ముక్కను పట్టుకుని తిరిగే చక్‌కి దారం చుట్టుకుంటే మణికట్టును లాగేస్తుంది. తీయడం ఇష్టం లేకపోతే ఆ రోజు లేత్ జోలికి వెళ్ళకండి. తిరిగే మెషీన్ల దగ్గర గ్లవ్స్ వేసుకోకూడదన్నదీ అందుకే. లేత్ దగ్గర కొత్తవాళ్ళు చేసే పెద్ద తప్పు చక్‌ను బిగించే చక్ కీని చక్‌లోనే మరిచి స్విచ్ వేయడం. కీ బుల్లెట్‌లా ఎగిరొస్తుంది. కీ చేతిలోంచి వదిలితే అది స్టాండులోనే ఉండాలన్నది షాప్‌లో మొదటి నియమం. చిన్న గాయమైనా సూపర్‌వైజర్‌కి చెప్పండి. ప్రాణం మీదికి వచ్చినదైతే తప్ప ఎమర్జెన్సీ రూముకి కాకుండా ముందు స్టూడెంట్ హెల్త్ సెంటర్‌కి వెళ్ళండి, బిల్లులో తేడా చాలా ఉంటుంది.

తర్వాతి చిక్కు అంగుళాలు. ఇక్కడి షాప్‌లో "ఐదు థౌ తియ్యి" అంటే అంగుళంలో వెయ్యో వంతులు ఐదు, అంటే 0.127 మిల్లీమీటర్లు. బోల్టుల్లో ఎక్కువగా వినబడేది "క్వార్టర్ ట్వెంటీ": పావు అంగుళం వ్యాసం, అంగుళానికి 20 మరలు. మన ఎం6 బోల్టు దాని పక్కనే పెడితే కవలపిల్లల్లా ఉంటుంది. కానీ ఎం6 వ్యాసం 6 మిల్లీమీటర్లు, ఇది 6.35. మర దూరం ఎం6కి 1 మిల్లీమీటరు, దీనికి 1.27. ఎం6ని క్వార్టర్ ట్వెంటీ నట్‌లో పెడితే ఒకటి రెండు చుట్లు తిరిగి బిగుస్తుంది, బలవంతం చేస్తే మరలు పోతాయి. ట్యాప్ కొట్టే (రంధ్రం లోపల మరలు కోసే) ముందు వేసే రంధ్రమూ వేరే: ఎం6కి 5 మిల్లీమీటర్ల డ్రిల్, క్వార్టర్ ట్వెంటీకి 7 నంబరు డ్రిల్, అంటే 0.201 అంగుళం. డ్రాయింగ్ మూల యూనిట్లు రాయకుండా షాప్‌కి ఇవ్వకండి. ఫస్టియర్ వర్క్‌షాప్‌లో వి-ఫిట్ కోసం ఆకురాయితో గంటల తరబడి రాకినవాళ్ళకు కొలత విలువ తెలిసే ఉంటుంది. ఆ అలవాటు ఇక్కడ బాగా పనికొస్తుంది.

లేజర్ కట్టర్‌లో అక్రిలిక్, ప్లైవుడ్, అట్ట పెట్టొచ్చు. పీవీసీ పెట్టకూడదు. కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వచ్చి ఊపిరితిత్తులనూ మెషీన్ లోపలి లోహాన్నీ తినేస్తుంది. వినైల్ స్టిక్కర్లు, మనం రెక్సిన్ అనే తోలులాంటి గుడ్డ చాలావరకు పీవీసీయే. పాలీకార్బొనేట్ కూడా వద్దు, సరిగా తెగకుండా మాడి అంటుకుంటుంది. ఇక కొలత: లేజర్ గీతకే 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, అంత మెటీరియల్ ఆవిరైపోతుంది. 3 మిల్లీమీటర్ల పలక దూరాలని 3.0 గాడి గీస్తే అది వదులుగా వస్తుంది. పైగా ఇక్కడ అమ్మేది ఎనిమిదో వంతు అంగుళం పలక, 3.175 మిల్లీమీటర్లు, అందులోనూ ప్లైవుడ్ మందం పలకకీ పలకకీ మారుతుంది. క్యాలిపర్‌తో కొలిచి, మూలన ఉన్న తుక్కు ముక్క మీద మూడు నాలుగు గాడులు 0.05 తేడాతో కోసి చూసుకుని, అప్పుడు అసలు ముక్క పెట్టండి.

3డీ ప్రింటింగ్‌లో రంధ్రాలు గీసినదానికంటే చిన్నగా వస్తాయి. ఎం3 స్క్రూ వదులుగా దూరాలంటే 3.4 దగ్గర గీయండి. పొరకీ పొరకీ మధ్య అతుకు బలహీనం కాబట్టి కొక్కెంలాంటి ముక్కను నిలబెట్టి ప్రింట్ చేస్తే బరువు తగిలించగానే పొర దగ్గర విరుగుతుంది, పడుకోబెట్టి ప్రింట్ చేయాలి. ప్రింటర్లలో ఎక్కువగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడుతుంది. టెక్సస్ ఎండలో కారు డాష్‌బోర్డు మీద పెడితే సాయంత్రానికి వంగిపోయి ఉంటుంది.

టీములు

విద్యార్థులే చిన్న రేసు కారు డిజైన్ చేసి, కట్టి, పోటీకి తీసుకెళ్ళే ఫార్ములా ఎస్ఏఈ చాలా ఇంజినీరింగ్ కాలేజీల్లో ఉంది. మిషిగన్‌లో పోటీ మే నెలలో జరుగుతుంది. కాబట్టి ఫాల్‌లో డిజైన్, చలికాలంలో తయారీ, మార్చి నుంచి టెస్టింగ్. జనవరిలో చేరితే డిజైన్ అయిపోయి ఉంటుంది, ముక్కలు కోయడమే మిగులుతుంది. అదీ నేర్చుకోదగిన పనే, కానీ ఆగస్టు వేరు.

మనవాళ్ళు వెళ్ళగానే అడిగేది సిమ్యులేషనో మెషీన్ లెర్నింగో. ఆ సీట్లు పాతవాళ్ళ చేతిలో ఉంటాయి. ఖాళీగా ఉండేవి వైరింగ్ హార్నెస్ (కారు వైర్లన్నీ కలిపి కట్టిన కట్ట), బ్రేకు లైన్లు, స్పాన్సర్లకు ఉత్తరాలు, విడిభాగాల పట్టిక. వైరింగ్ తీసుకోండి. రేసు రోజున కార్లు ఆగిపోయేది చాలాసార్లు ఒక వదులు కనెక్టర్ వల్లే, దాన్ని పట్టుకోగలిగినవాళ్ళను టీము వదులుకోదు. ఏ బ్రాంచి అయినా పర్వాలేదు. డేటా సైన్స్ వాళ్ళు సెన్సర్ల లాగింగ్ చూసుకోవచ్చు. డిజైన్ జడ్జీలు అడిగేది ఎక్కువగా 'ఎందుకు' అనే. ఈ గొట్టం మందం ఇంతే ఎందుకు, ఏ పరీక్షలో తేలింది, అని. కాబట్టి ప్రతి నిర్ణయానికీ ఆ వారమే రెండు వాక్యాలు, ఒక ఫొటో దాచుకోండి. రక్షణ శాఖ నిధులతో నడిచే కొన్ని ప్రాజెక్టుల్లో, కొన్ని రాకెట్ టీముల పనుల్లో ఎగుమతి నియంత్రణ చట్టాల వల్ల ఎఫ్-1 వాళ్ళను రానివ్వరు. చేరే ముందే అడిగి తెలుసుకోండి.

క్లబ్బు డబ్బుతో కొనేటప్పుడు ముందు ట్రెజరర్ అనుమతి తీసుకోండి. వస్తువుల పేర్లు విడివిడిగా ఉన్న రసీదు లేకపోతే డబ్బు తిరిగి రావడం కష్టం, కార్డు స్టేట్‌మెంట్ చూపిస్తే చాలదు. చాలాచోట్ల సేల్స్ టాక్స్ తిరిగివ్వరు, ఎందుకంటే యూనివర్సిటీ కార్డుతో కొంటే అది పడేదే కాదు.

సేవాపని

ఎఫ్-1 మీద స్వచ్ఛంద సేవ చేయొచ్చు, కానీ గీత ఒకటుంది. మామూలుగా జీతమిచ్చి చేయించుకునే పనిని ఊరికే చేసిపెట్టడం సేవ కిందికి రాదు. ఫుడ్ బ్యాంకులో డబ్బాలు సర్దడం సేవ. తెలిసినవాళ్ళ కంపెనీకి వెబ్‌సైటు రాసివ్వడం, హోటల్లో "ట్రైనింగ్" పేరుతో జీతం లేకుండా గిన్నెలు కడగడం అనుమతి లేని ఉద్యోగం కింద పడొచ్చు. అనుమానం వస్తే ఇంటర్నేషనల్ ఆఫీసుకి ఈమెయిల్ రాసి, జవాబు దాచుకోండి.

చేత్తో పని నేర్చుకోవాలంటే హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ మంచిది. 1976లో జార్జియా రాష్ట్రంలో మొదలైన ఈ సంస్థ ఆదాయం తక్కువున్న కుటుంబాలకు స్వచ్ఛంద సేవకులతో ఇళ్ళు కట్టిస్తుంది. చాలా క్యాంపస్‌లలో దీని శాఖలున్నాయి. పిల్లర్లు, స్లాబు, ఇటుకల ఇళ్ళు చూసిన మనకు చెక్క చట్రం ఇల్లు కొత్త. గోడలో నిలువు చెక్కలు సాధారణంగా 16 అంగుళాల దూరంలో, మధ్య నుంచి మధ్యకు కొలిచి పెడతారు. 'టూ బై ఫోర్' అనే చెక్క నిజానికి ఒకటిన్నర అంగుళాలు బై మూడున్నర. రెండు, నాలుగు అనుకుని లెక్క వేస్తే గోడ చేరదు. పొద్దున చెప్పిన టైముకి ముందే వెళ్ళండి, సేఫ్టీ మాటలు అయ్యాక వస్తే వెనక్కి పంపేస్తారు.

బడి పిల్లలకు రోబోటిక్స్ నేర్పాలంటే 'ఫస్ట్' (FIRST) అనే సంస్థ టీములకు మెంటర్లు ఎప్పుడూ కావాలి. హైస్కూలు పోటీ సీజన్ జనవరి మొదట్లో మొదలవుతుంది కాబట్టి అక్టోబరులోనే అడగండి. పిల్లలతో పనిచేసే ఎవరికైనా బ్యాక్‌గ్రౌండ్ చెక్ తప్పదు, దానికి వారాలు పట్టొచ్చు. గదిలో ఒక్క పిల్లాడితో మీరొక్కరే ఉండకూడదు, అనుమతి లేకుండా ఫొటోలు పెట్టకూడదు. ఇంకో ముఖ్య విషయం, పిల్లల చేతిలోంచి స్క్రూడ్రైవర్ లాక్కుని మీరే బిగించకండి. ఆగి చూడటం మనవాళ్ళకు కష్టమే.

రక్తదానానికి ఉత్సాహంగా వెళ్ళి తిరిగొచ్చేవాళ్ళు చాలామంది. మలేరియా ఉన్న దేశంలో ఏళ్ళ తరబడి ఉండి వచ్చినవాళ్ళను సాధారణంగా మూడేళ్ళ దాకా ఆగమంటారు. అక్కడ బల్ల దగ్గర రిజిస్ట్రేషన్ చూసుకునే పని మాత్రం ఎప్పుడూ ఖాళీ ఉంటుంది.

ఉగాదికి పులిహోర పెట్టాలంటే

తెలుగు విద్యార్థి సంఘంలో వంట కమిటీ మీ మీద పడితే ముందు క్యాంపస్ ఆహార నియమాలు చదవండి. బయటివాళ్ళను పిలిచే కార్యక్రమాల్లో ఇంట్లో వండినవి చాలాచోట్ల ఒప్పుకోరు, లైసెన్సున్న వంటగదిలో వండాలి లేదా రెస్టారెంటు నుంచి తెప్పించాలి. వేడిగా పెట్టేవి 140 డిగ్రీల ఫారెన్‌హీట్ పైన, చల్లనివి 40 కింద ఉండాలి. మధ్యలో రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు. అన్నంలో ఉండే బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా గోరువెచ్చని వేడిలో విషం తయారుచేస్తుంది, తర్వాత మళ్ళీ వేడిచేసినా ఆ విషం పోదు. చింతపండు పులుపుందిలే అని పులిహోరను పొద్దున కలిపి సాయంత్రం దాకా బల్ల మీద ఉంచకండి.

ప్రతి వంటకం ముందూ ఒక చీటీ పెట్టండి. పులిహోరలో పల్లీలు, జీడిపప్పు ఉన్నాయని అందరికీ గుర్తుంటుంది. నువ్వుల పొడి సంగతి మరిచిపోతారు. 2023 నుంచి అమెరికాలో ప్యాకెట్ల మీద తప్పక రాయాల్సిన అలర్జీ పదార్థాల్లో నువ్వులు కూడా చేరాయి. ఇంగువ డబ్బా వెనక కూడా చదవండి, చాలా బ్రాండ్లలో గోధుమపిండి కలుస్తుంది. గోధుమ పడనివాళ్ళు బియ్యం వంటకమే కదా అని ధైర్యంగా తినేస్తారు.

ఇది ఉద్యోగం దాకా ఎలా వెళ్తుంది

రెజ్యూమెలో "ఫార్ములా టీము సభ్యుడు" అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఏ భాగం, మీ వంతు ఏమిటి, ఒక అంకె, ఏది విరిగింది, ఎలా సరిచేశారు, ఈ మాత్రం రాయాలి. ఇంటర్వ్యూలో మనవాళ్ళు మర్యాదకొద్దీ అంతా "మేము" అని చెబుతారు. "హార్నెస్ మొత్తం నేను వేశాను, టెస్టింగ్ ఇద్దరం చేశాం" అని విడదీసి చెప్పండి, అది గొప్పలు కాదు.

చదువులో భాగంగా కంపెనీలో పనిచేసే కో-ఆప్ పద్ధతిని 1906లో సిన్సినాటి యూనివర్సిటీలో హెర్మన్ ష్నైడర్ మొదలుపెట్టాడు. ఎఫ్-1 వాళ్ళు ఇలాంటివి సీపీటీ (చదువులో భాగంగా బయట పనిచేసే అనుమతి) మీద చేస్తారు. సాధారణంగా ఒక విద్యా సంవత్సరం పూర్తయ్యాకే అది వస్తుంది. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు నిండితే అదే డిగ్రీ మీద ఓపీటీ (చదువు అయ్యాక ఉద్యోగం చేసే అనుమతి) పోతుంది, వారానికి 20 గంటల లోపు చేసిన పార్ట్‌టైమ్ ఈ లెక్కలోకి రాదు. వరస ఇది: ఆఫర్ లెటర్, డిపార్ట్‌మెంట్ అడ్వైజర్ ఒప్పుకోలు, అవసరమైతే ఇంటర్న్‌షిప్ కోర్సు రిజిస్ట్రేషన్, ఆ తర్వాత ఇంటర్నేషనల్ ఆఫీసు ఇచ్చే కొత్త ఐ-20 (మీ ఎఫ్-1 అర్హత పత్రం). ఆఫర్ లెటర్‌లో కంపెనీ చిరునామా, వారానికి గంటలు, మొదలు, ముగింపు తేదీలు లేకపోతే వెనక్కి పంపుతారు. మే నెలలో అందరూ ఒకేసారి పెడతారు కాబట్టి ఏప్రిల్ మొదట్లోనే ఇవ్వండి. ఐ-20 మీద ఉన్న తేదీకి ఒక్క రోజు ముందు కూడా, ఓరియెంటేషన్‌కైనా సరే, ఆఫీసుకి వెళ్ళకండి.