ప్రాంతీయ విమానసంస్థలో సంతకం చేసే ముందు చదవవలసినవి

అమెరికాలో స్థిరపడి, అక్కడి ప్రాంతీయ విమానసంస్థల్లో పైలట్లుగా చేరదలచిన మన గోదావరి జిల్లాల పిల్లలు జీతం అంకె ఒక్కటే చూసి సంతకం చేయకూడదు. పోయిన సంక్రాంతికి రావులపాలెం వచ్చిన మా మేనల్లుడు అరుగు మీద పరిచిన కాగితాల్లో జీతం పేజీ ఒక్కటే నలిగి ఉంది.

ముందుగా పెద్ద సంస్థ పైలట్ల ఒప్పందంలోని స్కోప్ నిబంధన తెరవాలి. టికెట్టు తన పేరున అమ్మి, విమానాన్ని మాత్రం మీరు చేరే ప్రాంతీయ సంస్థ చేత నడిపించుకోవడానికి పెద్ద సంస్థకు ఎంతవరకు వీలుందో అందులో ఉంటుంది. డెల్టా, యునైటెడ్, అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థల ఒప్పందాల్లో అలా నడిపించే విమానానికి పైహద్దు 76 సీట్లు, 86,000 పౌండ్ల టేకాఫ్ బరువు. ఆ హద్దు సడలితే ఈరోజు మీకు పని పెరుగుతుంది గాని, రేపు మీరు చేరాలనుకునే పెద్ద సంస్థలో కొలువులు తగ్గుతాయి. పెద్ద, ప్రాంతీయ సంస్థల పైలట్ల మధ్య తగవుకు మూలం ఇదే.

తర్వాత సీనియారిటీ జాబితా, అంటే ముందు చేరినవారు ముందుండే పైలట్ల వరుస, ఏ సంస్థదో అడగాలి. 2001లో కామెయిర్ అనే ప్రాంతీయ సంస్థ పైలట్లు 89 రోజులు సమ్మె చేసిన నాటికి ఆ సంస్థ డెల్టా సొంతమే, అయినా జాబితాలు వేరు, కామెయిర్‌లోని వరుస డెల్టాలో లెక్కకు రాదు.

ఇక జంప్‌సీటు. కాక్‌పిట్‌లో పైలట్ల వెనుక మడత విప్పి కూర్చునే ఆ సీటు మీద ఆధారపడే చాలామంది ఇంటి నుంచి డ్యూటీకి చేరుతారు. దాళ్వాలో కాలువకు వంతులు పెట్టినప్పుడు శివారు రైతు తన వంతు ఏనాడో తెలుసుకున్నాకే చేలో దిగినట్టు, మీరు కూడా ప్రాధాన్య క్రమం చదివాకే ఏ ఊళ్లో కాపురం పెట్టాలో తేల్చుకోవాలి. సాధారణంగా ఆ విమానాన్ని నడిపే సంస్థ పైలట్లది మొదటి వంతు. అనుబంధ సంస్థలవారు, బయటివారు ఆ తర్వాత. ఒకే వరుసలో ఇద్దరుంటే సీనియారిటీ చూస్తారా, ముందు పేరు రాయించుకున్నవారిని చూస్తారా అన్నది సంస్థను బట్టి మారుతుంది గనుక, ఆ వాక్యం కింద గీత గీసుకోండి. విమానం మీద పెద్ద సంస్థ రంగులున్నంత మాత్రాన వంతు మారిపోదు.

వరుసలో పేరున్నా, కెప్టెన్‌ను స్వయంగా కలిసి అనుమతి అడగాలి. తుది మాట ఆయనదే. అన్యాయం జరిగిందనిపిస్తే గేటు దగ్గర వాదించకుండా తేదీ, విమానం నంబరు, పేరు రాయించుకున్న సమయం రాసుకుని యూనియన్ జంప్‌సీటు కమిటీకి పంపాలి. డ్యూటీకి చేర్చే చిట్టచివరి విమానాన్ని మాత్రం ఎన్నడూ నమ్ముకోకండి, దానికి ముందు కనీసం ఇంకొకటి చేతిలో ఉంచుకోండి.